విమాన దూరం, ప్రయాణ సమయం చెప్పే ఆన్‌లైన్ సేవలు: దూరం సరే, సమయం మాటేమిటి?

రెండు నగరాల పేర్లు ఇస్తే చాలు, వాటి మధ్య విమాన దూరం ఎంతో, ప్రయాణానికి ఎన్ని గంటలు పడుతుందో క్షణాల్లో చెప్పే సేవలు ఇంటర్నెట్‌లో కోకొల్లలుగా ఉన్నాయి. పిల్లల ప్రాజెక్టు పనికి, టికెట్ కొనే ముందు ఒక అంచనాకు, దూరదేశం నుంచి వచ్చేవారి కోసం ఎదురుచూసేటప్పుడు కలిగే ఆత్రుతకు, ఇలా రకరకాల అవసరాలకు జనం వీటిని ఆశ్రయిస్తారు. వీటిని చాలాకాలంగా వాడుతూ, ఒకదానితో మరొకదాన్ని పోల్చి చూస్తూ వచ్చిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. ఈ సేవలు ఇచ్చే దూరం చాలావరకు నమ్మదగినదే. అవే సేవలు ఆ పక్కనే అంతే ధీమాగా చూపించే ప్రయాణ సమయం మాత్రం, కొన్ని మినహాయింపులను వదిలేస్తే, ఒక భాగహారపు ఫలితం తప్ప మరేమీ కాదు. ఈ రెండు అంకెలూ ఒకే సైజు అక్షరాలలో, ఒకే పెట్టెలో కనిపించడమే ఈ సేవలన్నిటిలోనూ ఉన్న మొదటి లోపం.

ముందు దూరం సంగతి చూద్దాం. భూమి గుండ్రంగా ఉంది కనుక రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారి గోడ మీది పటంలో స్కేలు పెట్టి గీసే గీత కాదు. ఆ రెండు బిందువుల గుండా, భూకేంద్రాన్ని కేంద్రంగా చేసుకుని సాగే మహావృత్తపు చాపం. న్యూయార్క్, మాడ్రిడ్ నగరాలను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, అంటే భూమధ్యరేఖకు ఉత్తరంగా 40 డిగ్రీలు దాటిన చోట ఉన్నాయి. పటం చూసినవారెవరైనా విమానం నేరుగా తూర్పుకు వెళితే చాలుననుకుంటారు. అలా అక్షాంశం వెంబడే వెళితే దూరం సుమారు 5,950 కిలోమీటర్లు అవుతుంది. మహావృత్తం మీద వెళితే దారి మొదట ఈశాన్యంగా ఎక్కి, అట్లాంటిక్ నడుమ 46వ అక్షాంశం దాకా పోయి, మళ్లీ ఆగ్నేయంగా దిగుతుంది. దూరం మాత్రం సుమారు 5,770 కిలోమీటర్లే. వంకరగా కనిపించే దారి దాదాపు 180 కిలోమీటర్లు తక్కువన్నమాట. టోక్యో నుంచి న్యూయార్క్ వెళ్లే మహావృత్త మార్గం పసిఫిక్ నడిబొడ్డున కాక అలాస్కా మీదుగా సాగడానికి కారణం కూడా ఇదే. ఫలితంతోపాటు ఈ చాపాన్ని పటం మీద గీసి చూపే సేవకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అంకెను మాత్రమే చూసినవారికి తెలియని సంగతి ఆ గీతను చూసినవారికి అర్థమవుతుంది.

ఈ లెక్కను సేవలు రెండు విధాలుగా చేస్తాయి. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల నిండు గోళంగా భావించి త్రికోణమితి సూత్రంతో చేసేది ఒకటి. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉందన్న వాస్తవాన్ని లెక్కలోకి తీసుకునేది రెండవది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. జీపీఎస్ ఆధారపడే డబ్ల్యూజీఎస్ 84 నమూనా ఈ నొక్కుడు ఆకారాన్నే తీసుకుంటుంది. రెండు పద్ధతుల మధ్య తేడా అర శాతాన్ని మించదు కనుక ప్రయాణికుడికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. విమానం సుమారు 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, ఆ ఎత్తులో దారి ఇంకా పొడవవుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. అవుతుంది, కానీ పదివేల కిలోమీటర్ల ప్రయాణంలో ఆ అదనం పదిహేడు కిలోమీటర్లే. ఇవన్నీ పట్టించుకోవలసినంత తేడాలు కావు. అయితే దూరాన్ని దశాంశ బిందువు తరువాత రెండు స్థానాల వరకు చూపించే సేవల పట్ల నాకు అభ్యంతరం ఉంది. పెద్ద విమానాశ్రయాలలో ఒక్కో రన్‌వే పొడవే మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. అలాంటప్పుడు పది మీటర్ల వరకు దూరం చెప్పడం కచ్చితత్వం అనిపించుకోదు, చదివేవారికి లేనిపోని భరోసా ఇవ్వడం అవుతుంది.

మైళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. సాధారణ మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. విమానయానంలో వాడుకలో ఉన్నది రెండవది. న్యూయార్క్‌లోని కెనెడీ విమానాశ్రయం నుంచి సింగపూర్‌కు సుమారు 15,350 కిలోమీటర్లు; ఇది మామూలు మైళ్లలో 9,540కి దగ్గరగా, నాటికల్ మైళ్లలో 8,290కి దగ్గరగా ఉంటుంది. ఏ మైలో చెప్పకుండా ‘మైళ్లు’ అని మాత్రమే రాసే సేవను పక్కన పెట్టడం మంచిది.

దూరంలో అసలైన పొరపాట్లు గణితం వల్ల రావు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తున్నారన్న దాంట్లో వస్తాయి. కొన్ని సేవలు నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు కొలుస్తాయి, కొన్ని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలుస్తాయి. టోక్యో నగర కేంద్రానికీ నరీతా విమానాశ్రయానికీ మధ్య 60 కిలోమీటర్ల దూరం ఉంది. ఒక నగరానికి రెండు మూడు విమానాశ్రయాలు ఉన్నప్పుడు సేవ దేనిని ఎంచుకుందో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకే పేరుగల ఊళ్లతో వస్తుంది. నేను వాడిన ఒక సేవలో బర్మింగ్‌హామ్ అని టైపు చేస్తే ఇంగ్లండు నగరమా, అమెరికాలోని అలబామా నగరమా అని అడగకుండానే రెండవదాన్ని తీసుకుని, పేజీలో ఎక్కడా ఆ సంగతి చెప్పకుండా దూరం, సమయం రెండూ చూపించింది. శాన్ హోసే అనే పేరుతో కోస్టారికాలో రాజధాని ఉంది, అదే స్పెల్లింగుతో కాలిఫోర్నియాలో మరో నగరం ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్లబోయి కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో ఉన్న సిడ్నీలో దిగినవారు నిజంగానే ఉన్నారు. కాబట్టి ఏ సేవలోనైనా ఊరి పేరుకు బదులు విమానాశ్రయానికి అంతర్జాతీయ విమాన రవాణా సంఘం (ఐఏటీఏ) ఇచ్చిన మూడక్షరాల కోడ్ ఇవ్వడమే మేలు. అది ఇవ్వడానికి వీలు కల్పించని సేవ దూర ప్రయాణాల లెక్కకు పనికిరాదని నా ఉద్దేశం.

ఈ దృష్టితో చూస్తే దూరం కోసం నేను మొదట సిఫారసు చేసేది గ్రేట్ సర్కిల్ మ్యాపర్. చూడడానికి పాతకాలపు పేజీలా ఉంటుంది, అలంకారాలేమీ ఉండవు. రెండు కోడ్‌ల మధ్య చిన్న గీత పెట్టి ఇస్తే మహావృత్తాన్ని పటం మీద గీసి, దూరాన్ని మీరు కోరిన కొలతలో చూపిస్తుంది. బయలుదేరే చోట విమానం ఏ దిక్కుకు తిరగాలో కూడా పట్టికలో చెబుతుంది. మధ్యలో మరో విమానాశ్రయం కోడ్ చేర్చితే ఒక్కో అంచె దూరం, మొత్తం దూరం వేర్వేరుగా కనిపిస్తాయి. నేరుగా వెళ్లే విమానం లేని ప్రయాణాలలో ఏ నగరం మీదుగా వెళితే ఎంత చుట్టు తిరుగుడో తేల్చుకోవడానికి ఇంతకంటే చక్కని సాధనం లేదు. ఒక విమానాశ్రయం చుట్టూ కోరినంత దూరానికి వలయం గీసుకోవచ్చు. రెండు ఇంజన్ల విమానాలు అత్యవసరంగా దిగగల విమానాశ్రయానికి నిర్దేశించిన నిమిషాల దూరంలోనే ఉండాలన్న నిబంధన వల్ల ఏయే సముద్ర ప్రాంతాలు మినహాయించవలసి వస్తుందో కూడా రంగు వేసి చూపిస్తుంది. దీని బలం దూరం, దారి. దానిని ఆ పనికే వాడుకోవాలి.

ఇక సమయం. ఏ సేవనైనా పరీక్షించడానికి ఒక సులభమైన మార్గం ఉంది: రెండు నగరాల పేర్లను తారుమారు చేసి మళ్లీ అడగండి. వెళ్లే ప్రయాణానికీ తిరుగు ప్రయాణానికీ ఒకే సమయం వస్తే, ఆ సేవ దూరాన్ని ఒక స్థిరమైన వేగంతో భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఓ అరగంట కలిపి మీకు ఇచ్చిందన్నమాట. లండన్ హీత్రో, న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే ఆరు గంటల పది నిమిషాలు, ఆ అరగంట కలిపితే ఆరు గంటల నలభై నిమిషాలు వస్తుంది. వాస్తవంలో న్యూయార్క్ నుంచి లండన్‌కు షెడ్యూలు ప్రకారం ఏడు గంటలు, లండన్ నుంచి న్యూయార్క్‌కు సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. అంటే సేవ ఇచ్చిన అంకె రెండు దిశలలో ఏ ఒక్కదానికీ సరిపోదు. నేను చూసిన సేవలలో అత్యధికం ఈ పరీక్ష దగ్గరే విఫలమయ్యాయి.

ఈ తేడాకు కారణం గాలి. మధ్య అక్షాంశాలలో సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని వేగం మరింత ఎక్కువ. తూర్పుకు వెళ్లే విమానానికి అది వెనుక నుంచి తోడవుతుంది, పడమటికి వెళ్లే విమానానికి ఎదురు నిలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాలలో చేరింది. ధ్వని వేగాన్ని మించని విమానాలలో ఆ దారిలో అది అప్పటికి రికార్డు. అదే గాలికి ఎదురుగా ఆ రోజుల్లో పడమటికి వెళ్లిన విమానాల పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఉత్తర అట్లాంటిక్ మీద దారులు కూడా స్థిరంగా ఉండవు. కెనడాలోని గాండర్ నియంత్రణ కేంద్రమూ, బ్రిటన్, ఐర్లాండ్‌ల తరఫున పనిచేసే షాన్‌విక్ నియంత్రణ కేంద్రమూ ఆనాటి గాలులను బట్టి రోజుకు రెండుసార్లు ఆ సముద్రం మీద మార్గాలను నిర్ణయిస్తాయి.

దూరమూ సమయమూ ఎంత వేరుగా నడవగలవో చెప్పడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా బలమైన ఉదాహరణ ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో దారి. ఈ రెండు నగరాల మధ్య మహావృత్త దూరం 12,400 కిలోమీటర్ల చిల్లర. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి బయలుదేరే ఈ విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మళ్లించింది. అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఉంటే, పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. అయినా తూర్పు దిశగా వెళ్లడం వల్ల ఎదురుగాలి కాస్తా అనుకూల గాలిగా మారి, ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. భాగహారాన్నే నమ్ముకున్న సేవ ఈ రెండు దారులలో పొడవైనదానికి ఎక్కువ సమయం చూపిస్తుంది. నిజం దానికి సరిగ్గా తలకిందులు.

గాలితో ఆగదు, గగనతలం సంగతీ ఉంది. హెల్సింకీ నుంచి టోక్యోకు మహావృత్త దూరం దాదాపు 7,800 కిలోమీటర్లు. ఆ చాపంలో ఎక్కువ భాగం రష్యా మీదుగా పోతుంది. 2022కు ముందు ఫిన్‌ఎయిర్ విమానాలు ఈ దూరాన్ని తొమ్మిదిన్నర గంటలలో దాటేవి. ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యా గగనతలం మూతపడడంతో, ఉత్తర ధ్రువం మీదుగానో దక్షిణంగా చుట్టు తిరిగో వెళ్లవలసి వచ్చి ప్రయాణం సుమారు పదమూడు గంటలకు చేరింది. నగరాలు కదలలేదు, వాటి మధ్య కొలిచిన దూరమూ మారలేదు, అయినా మూడు గంటలకు పైగా అదనం. సమయాన్ని చూపించే సేవలలో కొన్ని ఇప్పటికీ పాత తొమ్మిదిన్నర గంటలకు దగ్గరి అంకెనే చూపిస్తున్నాయి. ఆ అంకెను నమ్మి మరో నగరానికి కనెక్టింగ్ ఫ్లైట్ ఎంచుకున్న ప్రయాణికుడి గతి ఏమిటన్న ఆలోచన ఆ సేవను నడిపేవారికి రావాలి కదా.

విమానం గాలిలో ఉన్న సమయానికీ, టికెట్‌లో రాసే సమయానికీ కూడా తేడా ఉంది. విమానయాన సంస్థలు షెడ్యూలులో చూపేది బ్లాక్ టైమ్. అంటే విమానం బయలుదేరే గేటు నుంచి కదలడం మొదలు, గమ్యంలో గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే వరకు నెమ్మదిగా సాగడం, వరుసలో నిలబడడం, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు కొట్టడం, ఆలస్యమైనా వేళకు చేరినట్టు లెక్క కుదిరేలా కొంత సమయాన్ని ముందే కలుపుకోవడం, ఇవన్నీ అందులో ఇమిడి ఉంటాయి. కెనెడీ విమానాశ్రయం నుంచి సింగపూర్‌కు 15,350 కిలోమీటర్లను 900తో భాగిస్తే పదిహేడు గంటలు వస్తుంది. షెడ్యూలులో ఆ ప్రయాణం పద్దెనిమిదిన్నర గంటలకు పైనే ఉంటుంది. ప్రపంచంలోని అతి పొడవైన నాన్‌స్టాప్ దారులలో ఒకటైన దీనిలో గంటన్నర తేడా వచ్చిందంటే ఆ భాగహారం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. నాన్‌స్టాప్ విమానమే లేని నగరాల మధ్య కూడా ‘విమాన ప్రయాణ సమయం ఇరవై గంటలు’ అని చూపించే సేవల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అక్కడ అసలు ప్రశ్న ఏ నగరంలో ఎంతసేపు ఆగాలన్నదే.

స్థానిక వేళలను కలిపి లెక్క చూపే సేవలలో మరో రకం తప్పు దొర్లుతుంది. న్యూయార్క్, లండన్‌ల మధ్య ఏడాదిలో చాలాకాలం ఐదు గంటల తేడా ఉంటుంది. అయితే అమెరికాలో గడియారాలను మార్చి రెండవ ఆదివారం ముందుకు జరుపుతారు, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం జరుపుతారు. ఈ మధ్య రోజులలో తేడా నాలుగు గంటలే. శరదృతువులో అక్టోబరు చివరి ఆదివారానికీ నవంబరు మొదటి ఆదివారానికీ మధ్య మళ్లీ ఇదే పరిస్థితి. ప్రయాణ తేదీని అడగకుండానే గమ్యంలో చేరే వేళను చెప్పే సేవ ఈ రోజులలో గంట తప్పు చెప్పి తీరుతుంది. ఆక్లండ్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లేవారు దినరేఖను దాటడం వల్ల బయలుదేరిన వేళకంటే ముందే, అదే తేదీన దిగుతారు. ఈ ఒక్క జతను ఇచ్చి చూస్తే చాలు, సేవ తేదీలను సరిగ్గా నడుపుతుందో లేదో తెలిసిపోతుంది.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఒక మాట. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు, గంటల లెక్కన మందులు వేసుకునేవారు దూర ప్రయాణంలో గోడ గడియారాన్ని కాక గడిచిన గంటలనే చూసుకోవలసి ఉంటుంది. డాక్టరుతో ముందుగా మాట్లాడేటప్పుడు వారు తీసుకువెళ్లే అంకె ఇలాంటి సేవ నుంచి వచ్చినదే అయితే, రెండు మూడు గంటల తప్పు చిన్న విషయం కాదు. ఒంటరిగా ప్రయాణించే వృద్ధులను గమ్యంలో కలుసుకోవలసినవారి విషయమూ అంతే. దూరానికి మాత్రం చట్టపరమైన విలువ కూడా ఉంది: ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం విమానం రద్దయినా బాగా ఆలస్యమైనా ఇచ్చే పరిహారం 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులను బట్టి మారుతుంది, ఆ దూరాన్ని మహావృత్తం మీదనే కొలవాలి. రెండు మూడు అంచెల ప్రయాణమైనా మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య నేరు దూరమే లెక్కకు వస్తుందని 2017లో సమాఖ్య న్యాయస్థానం స్పష్టం చేసింది. కాలుష్యపు లెక్కల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వాడే పద్ధతి ఇంకా ఆలోచింపజేస్తుంది. విమానం ఎప్పుడూ మహావృత్తం మీదనే వెళ్లదని తెలుసు కనుక, 550 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 50, అక్కడి నుంచి 5,500 వరకు 100, ఆపైన 125 కిలోమీటర్లు అదనంగా కలుపుతారు. ఈ సవరణ ఉందని చెప్పే నిజాయితీ ప్రయాణికుల కోసం నడిచే సేవలకు కూడా అబ్బితే బాగుండును.

సమయం తెలుసుకోవాలంటే మరి ఏం చేయాలి? విమానయాన సంస్థ షెడ్యూలు మొదటి ఆధారం; అందులో రెండు దిశలకూ వేర్వేరు సమయాలు ఉంటాయి, కాలాన్ని బట్టి మారుతాయి కూడా. దానికి తోడు ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి సేవలలో ఆ విమానపు సంఖ్య ఇచ్చి, గత కొద్ది రోజులలో అది నిజంగా ఏ వేళకు ఎగిరి ఏ వేళకు దిగిందో చూడడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. విమానాలు తమ స్థానాన్ని తామే ప్రసారం చేసే ఏడీఎస్-బీ సంకేతాలను నేల మీది రిసీవర్లు అందుకుంటాయి. ఆ రిసీవర్లలో చాలావాటిని ఔత్సాహికులు తమ ఇళ్ల మీద పెట్టుకుని నడుపుతున్నారు. మహాసముద్రాల మీద రిసీవర్లు లేని చోట గీత అంచనా మీద సాగుతుంది కానీ, ఎగిరిన వేళ, దిగిన వేళ నిజమైనవే. ఒకే విమానం ఒక రోజు నలభై నిమిషాలు ముందుగా, మరో రోజు అరగంట ఆలస్యంగా దిగడం ఆ పట్టికలో కళ్లకు కడుతుంది. పటం మీద అది వెళ్లిన దారిని మహావృత్తపు చాపంతో పోల్చి చూస్తే, ఎక్కడ గాలి కోసం పక్కకు తిరిగిందో, ఎక్కడ ఒక దేశపు గగనతలాన్ని తప్పించుకుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

నగరాల పేర్లు అడిగి దూరం, సమయం కలిపి ఇచ్చే సాధారణ సేవలకు ఐదింట రెండున్నర ఇస్తాను. ఆ మార్కులన్నీ దూరానికే. కోడ్‌లు తీసుకుని చాపాన్ని గీసి చూపే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ వంటి వాటికి నాలుగున్నర. విమానాల గత ప్రయాణాలను చూపించే సేవలకు సమయం విషయంలో నాలుగు. నాన్‌స్టాప్ విమానం లేని జతలకు అవి నేరుగా జవాబు ఇవ్వలేవు కనుక ఒకటి తగ్గించాను. సాధారణ సేవలు నడిపేవారు ఒక్క మార్పు చేసినా వాటి విలువ ఎంతో పెరుగుతుంది: సమయాన్ని ఒకే అంకెగా కాకుండా వెళ్లేటప్పుడు ఇంత నుంచి ఇంత, వచ్చేటప్పుడు ఇంత నుంచి ఇంత అని చూపించి, అది షెడ్యూలు నుంచి తీసుకున్నదో భాగహారంతో వచ్చినదో పక్కనే ఒక వాక్యంలో రాయాలి. అంతవరకు ఆ పేజీలలో కిలోమీటర్ల వరకే చదువుకుని, గంటల కోసం షెడ్యూలు తెరవండి.